ఫోన్ దగ్గరే ఆగిపోయిన ఎపిసోడ్

అక్క: వింటున్న అందరికీ నమస్కారం. గోడ గడియారం తీసి పక్క గదిలో పెట్టేశాం. ఈసారి ఆ చప్పుడు గురించి ఎవరూ రాయక్కర్లేదు.

తమ్ముడు: ప్రతిసారీ ఉత్తరం రాసే రైలమ్మగారు రాస్తారు చూడు.

అక్క: రాయనీ. ఆవిడ ఉత్తరం రాకపోతేనే నాకు బెంగ. సరే, విషయంలోకి వస్తా. పిల్లల్ని, టీనేజర్లని మానసిక ఆరోగ్యం కోసం ఒక సెంటర్‌లో చేర్చాల్సి వచ్చిందనుకోండి. వారానికోసారి వెళ్లి కౌన్సెలర్‌ని కలిసి వచ్చేది కాదు, అక్కడే ఉంచి చేసే ట్రీట్‌మెంట్. చేర్చేముందు తల్లిదండ్రులు ఏమేం అడగాలి? నేనో పేజీ నిండా ప్రశ్నలు రాసుకొచ్చా.

తమ్ముడు: పొద్దున చూశా. బడి గురించి ఒక్కటీ లేదు.

అక్క: ఉంది, కింద ఉంది.

తమ్ముడు: అదే కదా నా బాధ. ఎప్పుడూ కిందే ఉంటుంది.

అక్క: ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు కలగాపులగం కాకుండా ఒకటి చెప్పేస్తాను. రెండు రకాలున్నాయి. ఒకటి ఆసుపత్రిలో పిల్లల సైకియాట్రీ వార్డు. ప్రాణం మీదికి వచ్చిన గండం గడిచేదాకా, కొన్ని రోజులో కొన్ని వారాలో. ఆత్మహత్య ఆలోచన బలంగా ఉన్న పిల్ల, తిండి మానేసి గుండె కొట్టుకోవడం నెమ్మదించిపోయిన పిల్ల, లేని గొంతులు వినపడుతున్నాయని రాత్రంతా నిద్రపోని పిల్లాడు, ఇలాంటి వాళ్లకి. రెండోది రెసిడెన్షియల్ సెంటర్. అక్కడ నెలల తరబడి ఉంటారు. థెరపీ అక్కడే, నిద్ర అక్కడే.

తమ్ముడు: బడి కూడా అక్కడే.

అక్క: ఉంటే. సరేనా? ఉంటే. ఇంకో మాట. మానసిక సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ రెండూ అక్కర్లేదు. ఇంటి దగ్గర ఉంటూనే కుదుటపడతారు. ఇది భయపడే తల్లిదండ్రుల కోసం చెబుతున్నా. ఇప్పుడు ఎవరికైనా అత్యవసరంగా ఉంటే మాత్రం మా మాటలు వింటూ కూర్చోకండి. ఇండియాలో ఉన్నవాళ్లకి టెలిమానస్ 14416 ఉంది, రాత్రీపగలూ ఎత్తుతారు, డబ్బులు తీసుకోరు. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నంబరు ఫోన్‌లో వేసి ఉంచుకోండి.

తమ్ముడు: అక్కా, ప్రశ్నల్లోకి వెళ్లేముందు ఆ తల్లి ఉత్తరం.

అక్క: అవును. పేరూ ఊరూ చెప్పొద్దన్నారు, చెప్పను. కూతుర్ని ఒక సెంటర్‌లో చేర్చారు. చేర్చినరోజు వాళ్లు ఇచ్చిన కాగితాల్లో ఉందట: మొదటి కొన్ని వారాలు ఫోన్ ఉండదు, ఆ తర్వాత పాయింట్లు సంపాదించుకుంటే వారానికి ఒక కాల్. కాల్‌లో పిల్ల ఏడిచి "తీసుకెళ్లిపో" అంటే సిబ్బంది కట్ చేస్తారు, పాయింట్లు కూడా తగ్గుతాయి. ఆవిడ అడుగుతున్నారు, ఇది మామూలేనా అని.

తమ్ముడు: మామూలే అంటారు వాళ్లు.

అక్క: చాలాచోట్ల మామూలే. అయినంత మాత్రాన సరైనది కాదు.

తమ్ముడు: ఆగు, ఆగు. నేను వాళ్ల వైపు నుంచి మాట్లాడతా, ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. కొత్తగా చేరిన పిల్లాడు రోజూ ఫోన్ చేసి ఏడిస్తే ఏ తల్లైనా తట్టుకుంటుందా? నాలుగో రోజుకి వచ్చి తీసుకెళ్లిపోతుంది. ట్రీట్‌మెంట్ మొదలవకముందే ఆగిపోతుంది. హాస్టల్లో వదిలిన పిల్లల్ని నేనూ చూశా. అమ్మ ఫోన్ చేసిన రోజే ఎక్కువ ఏడుస్తారు. చేయని రోజు ఆడుకుంటారు.

అక్క: ఈ మాట ఎక్కడ విన్నానో తెలుసా? అచ్చంగా ఇదే మాట 1940ల్లో, 50ల్లో బ్రిటన్‌లో డాక్టర్లూ నర్సులూ అన్నారు. అప్పట్లో అక్కడి పిల్లల వార్డుల్లో తల్లిదండ్రుల్ని వారానికి ఒకరోజు, రెండు గంటలు రానిస్తే గొప్ప. లండన్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో మొదటి నెల అసలు చూడనిచ్చేవాళ్లు కాదు. రాత్రి ఏడు నుంచి ఎనిమిది మధ్య వచ్చి, పిల్లలు నిద్రపోతుంటే మాత్రం చూసి వెళ్లొచ్చు.

తమ్ముడు: నిద్రపోతున్నప్పుడా?

అక్క: నిద్రపోతున్నప్పుడే. ఎందుకంటే మెలకువలో చూస్తే ఏడుస్తారని. తల్లీబిడ్డల బంధం మీద పరిశోధన చేసిన సైకియాట్రిస్ట్ జాన్ బౌల్బీ దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఈ వార్డుల్లో నెలల తరబడి కూర్చుని చూశాడు. పిల్లలు మొదట గోల చేస్తారు, పిలుస్తారు. తర్వాత నిరాశలోకి జారిపోతారు, మూలన కూర్చుంటారు. ఆ తర్వాత మూడో దశ వస్తుంది. అప్పుడు నర్సులు ఇచ్చింది తింటారు, బొమ్మలతో ఆడతారు, అమ్మ వస్తే పెద్దగా పట్టించుకోరు. వార్డు వాళ్లు దాన్ని చూసి "కుదురుకుంది" అని రాసుకునేవాళ్లు. రాబర్ట్‌సన్ చెప్పింది, అది కుదురుకోవడం కాదు, ఆశ వదిలేసుకోవడం. నమ్మలేదు ఎవరూ. దాంతో 1952లో ఒక రెండేళ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఎలా ఉందో కెమెరాతో తీసి డాక్టర్ల సభలో చూపించాడు. మండిపడ్డారు ఆయన మీద. కానీ 1959లో ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ నివేదిక వచ్చింది, తల్లిదండ్రుల రాకపోకల మీద ఆంక్షలు ఎత్తేయమని చెప్పింది. ఇవాళ జ్వరంతో పడుకున్న పిల్ల పక్కన అమ్మ ఉండకూడదని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

తమ్ముడు: ఊరుకోం. కానీ అవి రెండేళ్ల పిల్లలు అక్కా. మనం మాట్లాడేది పద్నాలుగేళ్ల వాళ్ల గురించి.

అక్క: తేడా ఉంది, కాదనను. పద్నాలుగేళ్ల పిల్లకి అమ్మ తిరిగి వస్తుందని తెలుసు. కానీ ఆ పిల్ల ఏ స్థితిలో అక్కడికి వచ్చింది? బతకడమే వద్దనుకున్న స్థితిలో. నేను ఎవరికీ అక్కర్లేదు అని నమ్మే స్థితిలో. ఆ నమ్మకాన్ని మార్చడానికే కదా చేర్చాం. మొదటి వారమే మీ అమ్మతో మాట్లాడాలంటే అర్హత సంపాదించుకో అంటే, ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది?

తమ్ముడు: ... సరే, అది ఒప్పుకుంటా. కానీ పాయింట్ల సంగతి వేరు. నేను క్లాసులో నక్షత్రాలు ఇస్తా. పని చేస్తుంది అక్కా. బల్ల మీద గీతలు గీసే పిల్లాడు నక్షత్రం కోసం పుస్తకంలో రాస్తాడు.

అక్క: నక్షత్రాల మీద నాకేం కోపం లేదు. అలాంటి పద్ధతి మానసిక ఆసుపత్రిలోనూ పెట్టి చూశారు. 1960ల్లో అమెరికాలో ఇల్లినాయ్‌లోని అన్నా స్టేట్ హాస్పిటల్‌లో ఆయలాన్, అజ్రిన్ అనే ఇద్దరు టోకెన్లు పెట్టారు. ఏళ్ల తరబడి వార్డులో ఉండిపోయిన పెద్దవాళ్లు, పక్క సర్దుకుంటే ఒక టోకెన్, స్నానం చేస్తే ఒక టోకెన్. వాటితో కావలసింది కొనుక్కోవచ్చు. మనుషులు కదిలారు, పనులు చేశారు. సినిమాకి పాయింట్లు పెట్టు, బొమ్మలకి పెట్టు, రాత్రి ఇంకో అరగంట మేలుకోవడానికి పెట్టు. అమ్మకి పెట్టకు.

తమ్ముడు: ఊఁ.

అక్క: ఇంకోటి. పాయింట్లు ఎవరికి వస్తాయి? పొద్దున ఏడింటికి లేచినవాడికి. గ్రూపులో మాట్లాడినవాడికి. తిట్టనివాడికి. డిప్రెషన్ ఉన్న పిల్లకి ఏడింటికి లేవడమే చేతకాదు, అదే ఆమె జబ్బు. అంటే జబ్బు ఎంత ఎక్కువైతే పాయింట్లు అంత తక్కువ, అంత తక్కువగా అమ్మ గొంతు వినబడుతుంది. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ. వార్డులో పనిచేసిన రోజుల్లో ఎవరికి ఎన్ని పాయింట్లో చూపే ఈ లెవెల్ చార్టు గోడ మీద చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పేది. అట్టడుగున ఎప్పుడూ అవే పేర్లు.

తమ్ముడు: నువ్వు చెప్పావు ఒకసారి. చీటీల మీద రాసుకునే పిల్ల.

అక్క: ఆ పిల్ల గురించి ఎక్కువ చెప్పకూడదు. అమ్మతో చెప్పాల్సినవి చిన్నచిన్న చీటీల మీద రాసి దిండు గలీబులో పెట్టుకునేది, కాల్ దొరికినప్పుడు మర్చిపోకుండా చెప్పాలని. కాల్ దొరికేసరికి అవన్నీ పాతబడిపోయేవి. అప్పుడు "ఏం లేదమ్మా, బానే ఉన్నా" అనేది. ఆ "బానే ఉన్నా"ని కేస్ షీట్‌లో మెరుగుదల అని రాసేవాళ్లు.

(కాసేపు మౌనం)

తమ్ముడు: నీళ్లు తాగు.

అక్క: బానే ఉన్నా. అదిగో, నేనూ అదే అన్నా చూడు. కానీయ్.

తమ్ముడు: ఈ "కాల్ కట్ చేస్తారు" అన్నది నాకు మింగుడు పడట్లేదు. పాయింట్లు సరే, పద్ధతి అనుకుందాం. ఏడిస్తే కట్ చేయడం ఏమిటి? లోపల ఏదైనా జరిగితే పిల్ల ఎవరికి చెప్పాలి? వాళ్లే వింటుంటారు, వాళ్ల చేతిలోనే బటన్.

అక్క: అసలు సంగతి అక్కడే ఉంది. ఫోన్ అంటే ఓదార్పు ఒక్కటే కాదు, కాపలా కూడా. అమెరికాలో ఈ సెంటర్లలో ఒక పాయ ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిక్ అనే ఆయన పెట్టిన సినానాన్ అనే సంస్థ నుంచి. మత్తుమందులు మానిపించడానికి మొదలైంది. గుండ్రంగా కూర్చోబెట్టి ఒకణ్ని అందరూ కలిసి గంటల తరబడి తిట్టడమే అక్కడ వైద్యం. చివరికి అదొక కల్ట్, అంటే నాయకుణ్ని గుడ్డిగా నమ్మే గుంపు, అయింది. ఆ పద్ధతిని పిల్లల మీదికి తెచ్చిన స్కూళ్లు 1967 నుంచీ వచ్చాయి. అక్కడ బయటి ప్రపంచంతో తెగతెంపులు చేయడం చికిత్సలో భాగం. పిల్లవాడు ఏం చెప్పినా "అబద్ధమాడి మిమ్మల్ని లొంగదీయడానికి చూస్తున్నాడు, నమ్మకండి" అని తల్లిదండ్రులకి ముందే నేర్పిపెడతారు.

తమ్ముడు: అంటే నిజం చెప్పినా నమ్మరు.

అక్క: ముందే విరిచేశారు కదా. 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ, జీఏఓ, ఇలాంటి చోట్ల పిల్లలు చనిపోయిన పది కేసులు తీసి అక్కడి చట్టసభ కాంగ్రెస్‌కి చెప్పింది. 1990 నుంచి వేల సంఖ్యలో ఆరోపణలున్నాయని కూడా చెప్పింది. 2020లో మిచిగన్‌లో పదహారేళ్ల అబ్బాయి, భోజనాల గదిలో శాండ్‌విచ్ విసిరాడని సిబ్బంది నేలకేసి అదిమి పట్టుకున్నారు. నిమిషాల తరబడి. ఊపిరాడట్లేదని చెప్పాడు. చనిపోయాడు.

తమ్ముడు: శాండ్‌విచ్ విసిరినందుకు? మా క్లాసులో రోజూ ఎవడో ఒకడు ఏదో ఒకటి విసురుతాడు. పదహారేళ్లు... అక్కా, అది పిల్లాడి పనే కదా. పిల్లలు విసురుతారు. దానికి మనిషి మీద కూర్చుంటారా? ఎవడు నేర్పాడు వాళ్లకి?

అక్క: సరిగ్గా ఎవరూ నేర్పకపోవడమే చాలాచోట్ల జరిగేది. తక్కువ మంది సిబ్బంది, తక్కువ శిక్షణ, ఎక్కువ మంది పిల్లలు. 2024 జూన్‌లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ పెద్ద నివేదిక ఇచ్చింది. కొట్టడం, లైంగిక వేధింపులు, అవసరం లేకపోయినా కట్టేయడం, ఒంటరి గదిలో పెట్టడం. ఇవి ఎక్కడో ఒకచోట జరిగిన పొరపాట్లు కావని, ఆ వ్యాపారం నడిచే తీరులోనే ఉన్నాయని చెప్పింది. ఆ ఏడాది డిసెంబర్‌లో చట్టం కూడా వచ్చింది, ఈ సెంటర్ల మీద జాతీయ స్థాయిలో అధ్యయనం జరగాలని. ప్యారిస్ హిల్టన్ టీనేజ్‌లో అలాంటి చోట ఉండి, పెద్దయ్యాక ఏళ్ల తరబడి తిరిగి సాక్ష్యం చెప్పి, చెప్పి...

తమ్ముడు: కోటీశ్వరుల ఇంటి పిల్ల చెబితేనే ఇన్నేళ్లు పట్టింది. మామూలు ఇంటి పిల్ల చెబితే?

అక్క: అందుకే ఫోన్. తలుపేసిన గదిలో, ఎవరూ వినకుండా, కావలసినప్పుడు.

తమ్ముడు: ఇప్పుడు నేను అవతలి వైపు కష్టమైన ప్రశ్న వేస్తా. ఇంట్లోనే హింస ఉంటే? నాన్నే కొట్టేవాడైతే? ఆ పిల్లకి ఇంటి ఫోన్ అంటేనే వణుకు. "ఫోన్ హక్కు" అని నువ్వు అన్నావనుకో, ఆ నాన్న కూడా అదే అంటాడు, నా పిల్లతో మాట్లాడటం నా హక్కు అని.

అక్క: మంచి ప్రశ్న. హక్కు పిల్లది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 1989ది, తొమ్మిదో అధికరణంలో చాలా స్పష్టంగా ఉంది. తల్లిదండ్రుల నుంచి వేరుగా ఉన్న పిల్లలకి వాళ్లతో క్రమంగా మాట్లాడే, కలిసే హక్కుంది, అది పిల్లల మేలుకు విరుద్ధమైతే తప్ప. ఆ "తప్ప"ని ఎవరు తేల్చాలి? చికిత్స చేసే డాక్టరు, పిల్లని అడిగి, కారణం కాగితం మీద రాసి, మళ్లీ ఎప్పుడు ఆలోచిస్తారో తేదీ వేసి. అలాంటప్పుడు అత్తో, తాతయ్యో, టీచరో, పిల్ల నమ్మే ఇంకొకరితో మాట్లాడించాలి. అది వైద్య నిర్ణయం. పక్క సర్దలేదని ఫోన్ ఆపడం వైద్యం కాదు.

తమ్ముడు: టీచరు అన్నావు. రికార్డయింది.

అక్క: (నవ్వు) అన్నా. అదే ఒడంబడికలో ఇరవై అయిదో అధికరణం కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చికిత్స కోసం ఒకచోట ఉంచిన పిల్లల విషయంలో, ఆ చికిత్సనీ, అక్కడ ఉంచడాన్నీ ఎప్పటికప్పుడు సమీక్షించాలి. "ఇంకా కొన్నాళ్లు" అని నోటిమాటగా పొడిగిస్తూ పోకూడదు.

తమ్ముడు: మరి ఇండియా చట్టం? నువ్వు మొన్న ఏదో చూపించావు, పక్కన మనిషి ఉండాలని.

అక్క: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఎనభై ఏడో సెక్షన్. మైనర్‌ని చేర్చుకుంటే పెద్దవాళ్ల వార్డులో పెట్టకూడదు. నామినేటెడ్ ప్రతినిధి, అంటే మామూలుగా తల్లో తండ్రో, లేదా వాళ్లు పెట్టిన అటెండెంట్, చేరిన రోజు నుంచి డిశ్చార్జ్ దాకా పిల్లతో పాటే ఉండాలి. ఆడపిల్లైతే, ప్రతినిధి మగవాడైతే, ఆడ అటెండెంట్ ఉండాలి. చేర్చుకున్న 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలియజేయాలి. నెల దాటితే బోర్డు సమీక్ష తప్పనిసరి. ఒంటరి గదిలో పెట్టడం ఎవరి విషయంలోనూ కుదరదు.

తమ్ముడు: ఫోన్ గొడవే లేదు, అమ్మే పక్కన ఉంది.

అక్క: ఇది ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అని ఉండేవారు. రోగుల కుటుంబాలని ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేసి ఉండనిచ్చారు. ఇంటివాళ్లు చూసుకుంటూ, జబ్బు అంటే ఏమిటో నేర్చుకుంటూ, మనిషితో పాటు ఇంటికి వెళ్లేవాళ్లు. లండన్‌లో నిద్రపోయేటప్పుడు మాత్రం చూడనిచ్చినదీ ఇక్కడ గుడారాలు వేసినదీ దాదాపు ఒకే కాలం. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

తమ్ముడు: కానీ ఆ అమ్మ ఉద్యోగం ఏమవుతుంది? ఇంట్లో రెండో పిల్లాడుంటాడు. వారాల తరబడి వార్డులో నేల మీద పడుకోవాలా? చట్టంలో "ఉండాలి" అని రాసేయడం సులువు. ఎవరి నడుం విరుగుతుంది? ఎప్పుడూ అమ్మదే.

అక్క: నిజం. అటెండెంట్‌కి ఒక మంచం, ఒక బాత్రూం, రోజుకి కొంతసేపు బయటికి వెళ్లి వచ్చే వీలు లేకపోతే ఆవిడా జబ్బు పడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పదిహేనేళ్ల పిల్ల, అమ్మ పక్కనే కూర్చుంటే, థెరపిస్ట్‌తో నోరు విప్పదు. కాబట్టి పక్కన ఉండటం అంటే ప్రతి మాటా వినడం కాదు. సెషన్ జరిగేటప్పుడు అమ్మ బయటికి వెళ్లాలి.

తమ్ముడు: అంటే నీ లెక్కలో, అమ్మ తలుపు అవతల ఉండాలి, కానీ ఆ తలుపు పక్కనే ఉండాలి.

అక్క: అద్భుతంగా చెప్పావురా.

తమ్ముడు: సరే, తిండి మానేసే పిల్లల సంగతో? అక్కడ మాత్రం ఇంటికి దూరంగా ఉంచడమే మంచిదని చాలామంది నమ్ముతారు. అమ్మే కారణం అనేవాళ్లు కూడా ఉన్నారు.

అక్క: ఆ మాట ఇంకా అంటున్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. అనొరెక్సియాకి, అంటే ఆ తిండి మానేసే జబ్బుకి, తల్లిదండ్రులు కారణం కాదు, చాలామంది టీనేజర్ల విషయంలో వాళ్లే మందు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన ఫ్యామిలీ థెరపీలో, పిల్లకి అన్నం పెట్టే బాధ్యత మళ్లీ తల్లిదండ్రుల చేతికే ఇస్తారు, థెరపిస్ట్ పక్కనుండి ధైర్యం చెబుతూ. జర్మనీలో ఒక అధ్యయనం చేశారు, 2014లో లాన్సెట్‌లో వచ్చింది. 172 మంది అనొరెక్సియా ఉన్న అమ్మాయిలు. అందరినీ మూడు వారాలు వార్డులో ఉంచారు. ఆ తర్వాత కొందరిని వార్డులోనే కొనసాగించారు, కొందరిని రాత్రికి ఇంటికి పంపి పగలు మాత్రం రమ్మన్నారు. ఏడాది తర్వాత చూస్తే, ఇంటికి పంపినవాళ్లు బరువులో ఏమీ వెనకబడలేదు.

తమ్ముడు: పగలు ఆసుపత్రి, రాత్రి ఇల్లు. దానికి బడి కూడా కలిపితే?

అక్క: ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టు.

తమ్ముడు: ఇంకోటి అక్కా. ఇబ్బందుల్లో ఉన్న పిల్లలందర్నీ ఒకచోట చేర్చితే ఒకళ్లనుంచి ఒకళ్లు నేర్చుకోరా? కోసుకోవడం, దాచడం...

అక్క: నేర్చుకుంటారు. డిషియాన్, మెక్‌కార్డ్ వాళ్లు 1999లో దీని మీద రాశారు. గొడవల్లో తిరిగే పిల్లల్ని గుంపుగా చేర్చి చేసిన కొన్ని కార్యక్రమాలు మేలు చేయకపోగా కీడు చేశాయి. ఒకడు గొప్పలు చెబుతాడు, మిగతావాళ్లు నవ్వుతారు, ఆ నవ్వే బహుమతి. అందుకే చిన్న గ్రూపులు, నిజంగా పక్కనే కూర్చునే సిబ్బంది. ఇంట్లో ఉంచే చికిత్సలు కూడా అందుకే వచ్చాయి, థెరపిస్టే ఇంటికి వచ్చి కుటుంబంతో పనిచేసేవి.

తమ్ముడు: అయితే అసలు చేర్చొద్దంటావా? నువ్వు చెప్పేది వింటే ఎవరూ చేర్చరు.

అక్క: లేదు లేదు. ఆ మాట రానివ్వకు. కొందరు పిల్లలు వార్డు వల్లే బతికి ఉన్నారు. వాళ్లని చూశాను కాబట్టే ఇంత అరుస్తున్నా. ఇంట్లో కత్తెరలు దాచి, బాత్రూం గొళ్లెం పీకేసి, రాత్రి వంతులవారీగా మేలుకునే అమ్మానాన్నలకి తెలుసు, ఒక దశ దాటాక ఇల్లు చాలదని. చేర్చండి. చేర్చాక చేయి వదలొద్దు అంటున్నా. అంతే.

తమ్ముడు: ఇప్పుడు పేజీ?

అక్క: ఎంత టైమైంది? అమ్మో. సరే, గబగబా చదివేస్తా. లైసెన్స్ ఎవరిచ్చారు, చివరిసారి తనిఖీ ఎప్పుడు, ఆ రిపోర్ట్ చూపిస్తారా. పిల్లల సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు స్వయంగా చూస్తారు. రాత్రి షిఫ్ట్‌లో ఎంతమంది పిల్లలకి ఎంతమంది సిబ్బంది. నీ పిల్లని ఎవరైనా పట్టుకోవాల్సి వస్తే ఎలా పట్టుకుంటారు, బోర్లా పడుకోబెడతారా, జరిగితే ఎన్ని గంటల్లో మనకి చెబుతారు. తలుపేసే గది ఉందా. ఏ థెరపీ, ఎవరు చేస్తారు, వాళ్లేం చదివారు. "క్రమశిక్షణ", "మార్పు" అని తప్ప పేరు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. ముందు చెప్పకుండా వచ్చి చూడొచ్చా.

తమ్ముడు: ఇది మంచిది. మళ్లీ చెప్పు.

అక్క: ముందు చెప్పకుండా, మామూలు రోజున, వచ్చి మా పిల్ల ఉండే గది చూడొచ్చా. కుదరదంటే ఎందుకో అడగండి. ఫోన్ సంగతి చెప్పేశాం. ఇంటికి ఎప్పుడు పంపుతారు, ఏం మెరుగైతే పంపుతారు అన్నది చేరిన వారంలోనే మాట్లాడాలి. డిశ్చార్జ్ అయిన మొదటి వారాలు చాలా ప్రమాదం, ఆత్మహత్య విషయంలో మరీను. ఇంటికి వచ్చిన వారంలోపే డాక్టర్ అపాయింట్‌మెంట్ చేతిలో ఉండాలి. బడి.

తమ్ముడు: వచ్చిందా!

అక్క: నీదే. చెప్పు.

తమ్ముడు: ఒకటే చెబుతా. నెలల తర్వాత క్లాసులోకి అడుగుపెట్టిన పిల్లాణ్ని నేను చూశా. మొదటి పీరియడ్‌లోనే ఎవరో అడుగుతారు, ఎక్కడికెళ్లావురా అని. వాడికి జవాబు ఉండదు. ఆ జవాబు ముందే తయారు చేయాలి, వాడితో కూర్చుని, వాడికి నచ్చిన మాటల్లో. మొదటి రెండు వారాలు సగం పూట చాలు. ఒక టీచరు, ఒక్కరే, విషయం తెలిసినవారు. వాడు లేచి బయటికి వెళ్తే ఎందుకని అడగని వారు. సెంటర్‌లో ఉన్నప్పుడే లెక్కలు, సైన్సు పాఠాలు పంపాలి, మార్కుల కోసం కాదు, నీ బెంచి నీ కోసం ఉంది అని వాడికి తెలియడానికి. సెంటర్ వాళ్లు బడికి ఫోన్ చేయరు, బడి వాళ్లు సెంటర్‌కి చేయరు. మధ్యలో పిల్లాడు. ఏడాది పోతుంది. ఆ ఏడాది పోయిన దిగులుతోనే మళ్లీ జబ్బు తిరగబెడుతుంది. నేను ఇది ప్రతి ఎపిసోడ్‌లో అంటున్నానని మీరంతా విసుక్కుంటారు, అయినా అంటా.

అక్క: విసుక్కోవడం లేదు. దీన్ని పేజీలో పైకి తెస్తున్నా, చూడు, గీత గీసి బాణం వేశా.

తమ్ముడు: ఆ ఉత్తరం రాసిన తల్లికి మనం అసలు జవాబు చెప్పలేదు.

అక్క: చెబుతా. అమ్మా, రేపు సెంటర్‌కి ఫోన్ చేసి ఈ ఫోన్ నిబంధన ఏ డాక్టరు, మా పిల్ల విషయంలో ఏ కారణంతో పెట్టారో రాతలో ఇవ్వమనండి. అందరికీ ఒకటే నిబంధన అంటే, అది వైద్యం కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు. పిల్లతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. ఒప్పుకోకపోతే వెళ్లి కూర్చోండి. పిల్లని హఠాత్తుగా తీసుకొచ్చేయకండి, ముందు బయట వేరే డాక్టర్ని మాట్లాడుకుని, ఇంట్లో జాగ్రత్తలు చేసుకుని అప్పుడు. మాకు మళ్లీ రాయండి.

తమ్ముడు: ఇంకా సంతకాల ప్రశ్న మిగిలింది. మందులు మార్చేముందు ఎవరి సంతకం అని ఇద్దరు అడిగారు.

అక్క: అదొక్కటే అరగంట పడుతుంది. పిల్లల ఒప్పుకోలు వేరు, పెద్దల సంతకం వేరు, అందులో మళ్లీ వయసుని బట్టి...

తమ్ముడు: అక్కా, నాకు స్పెషల్ క్లాసుంది. పిల్లలు వచ్చేసుంటారు.

అక్క: సరే, వాళ్లిద్దరికీ నేను విడిగా రాసి పంపిస్తా. నువ్వు చెప్పులు వేసుకో. ఆపేస్తున్నా.